ల్యాబ్ పరికరాన్ని కంప్యూటర్‌కు కలిపేదేది? జీపీఐబీ నుంచి పీఎక్స్‌ఐ, ఎల్‌ఎక్స్‌ఐ దాకా

క్లుప్తంగా: కొలత పరికరాలను కంప్యూటర్‌తో నడిపించడానికి యాభై ఏళ్లలో అరడజను పద్ధతులు వచ్చాయి. ఒక్కొక్కటి ఒక్కో ఇబ్బంది తీర్చడానికి పుట్టింది కాబట్టి కొత్తది వచ్చాక కూడా పాతది బతికే ఉంది. కొలతకు ఎంత డేటా కావాలి, ఎన్ని పరికరాలు ఒకే క్షణంలో కదలాలి, వాటి మధ్య దూరమెంత అనే మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే ఏ బస్ (పరికరాలకూ కంప్యూటర్‌కూ మధ్య డేటా నడిచే దారి) కావాలో తేలిపోతుంది. ప్రోగ్రామును విసా (ప్రోగ్రాముకూ తీగకూ మధ్య ఉండే సాఫ్ట్‌వేర్), స్కిపీ (పరికరాల ఆదేశాల భాష) అనే పొరల మీద రాసుకుంటే తీగ మారినా పని ఆగదు.

పాత డెస్క్‌టాప్ వెనకాల ఉన్న కార్డు

మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు సపోర్ట్ ఆపేసింది. మామూలు ఆఫీసులో దీనివల్ల పడేది కంప్యూటర్లు మార్చే ఖర్చు. ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో అంతటితో పోదు. అక్కడ పదిహేనేళ్ల నాటి డెస్క్‌టాప్ వెనకాల పీసీఐ స్లాట్‌లో ఒక కార్డు ఉంటుంది. ఆ కార్డు నుంచి చిటికెన వేలంత లావు తీగ బయల్దేరి మల్టీమీటర్ వీపుకు, అక్కడి నుంచి ఫంక్షన్ జనరేటర్‌కు, పవర్ సప్లైకి పోతుంది. కొత్త కంప్యూటర్‌లో విండోస్ 11 ఉంటుంది కానీ మదర్‌బోర్డు మీద ఆ పీసీఐ స్లాట్ దాదాపుగా కనిపించదు. కార్డు చేతిలో మిగులుతుంది, బాగానే పనిచేసే పరికరాలు బల్ల మీద మిగులుతాయి.

వరంగల్‌కు ఇది చిన్న సంగతి కాదు. 1959లో ఆర్‌ఈసీగా మొదలైన నిట్, కాకతీయ యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ, హసన్‌పర్తి, బొల్లికుంట వైపు ఉన్న ప్రైవేటు కాలేజీలు అన్నీ కలిపితే హనుమకొండ చుట్టుపక్కల ఎలక్ట్రానిక్స్, ఎలక్ట్రికల్ చదివే పిల్లలు వేలల్లో ఉంటారు. వీళ్లలో టెస్ట్ ఇంజినీర్లుగా హైదరాబాద్‌కో బెంగళూరుకో పోయేవాళ్లకు మొదటి వారంలోనే ఈ పేర్లు చెవిన పడతాయి: జీపీఐబీ, వీఎక్స్‌ఐ, పీఎక్స్‌ఐ, ఎల్‌ఎక్స్‌ఐ, యూఎస్‌బీ-టీఎంసీ, విసా, స్కిపీ. పుస్తకంలో ఇవన్నీ ఒకే చాప్టర్‌లో ఒకదాని కింద ఒకటి ఉంటాయి. దాంతో ఇవన్నీ ఒకే జాతి వస్తువులని, చివరిది వచ్చాక మొదటిది పనికిరాకుండా పోయిందని అనిపిస్తుంది. ఆ రెండూ తప్పే.

తీగ వేరు, మాట వేరు

కాజీపేట జంక్షన్‌ను తలచుకుంటే ఈ పేర్లను విడదీయడం సులువు. సికింద్రాబాద్, బల్లార్షా, విజయవాడ వైపుల నుంచి వచ్చే లైన్లు అక్కడ కలుస్తాయి. అన్ని వైపులా పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లే కాబట్టి ఎటు నుంచి వచ్చిన బండి అయినా ఎటైనా పోగలదు. అయితే పట్టా ఉన్నంత మాత్రాన బండి కదలదు, సిగ్నల్ పడాలి. బండి వచ్చి ఆగాక అది ఎక్కడికి పోతుందో అనౌన్స్‌మెంట్ తెలిసిన భాషలో వినపడాలి.

పరికరాల్లోనూ ఇలాగే పొరలు ఉన్నాయి. కనెక్టర్, తీగ, వోల్టేజి మట్టాలు పట్టాల లాంటివి. ఒక బైటు ఎప్పుడు పంపాలి, అందిందని ఎలా తెలపాలి అన్నది సిగ్నల్ పద్ధతి. ఆ బైట్లన్నీ కలిసి చెప్పే ఆదేశం ఏ భాషలో ఉందన్నది మూడో పొర. వీటన్నిటి పైన, మనం రాసిన ప్రోగ్రాముకూ తీగకూ మధ్య నిలబడే సాఫ్ట్‌వేర్ నాలుగోది. జీపీఐబీ అనే పేరు మొదటి రెండు పొరలకు చెందింది. స్కిపీ మూడోదానికి, విసా నాలుగోదానికి చెందుతాయి. పీఎక్స్‌ఐ అయితే పట్టాలతో పాటు షెడ్డును, గడియారాన్ని కూడా కలిపి నిర్ణయించిన ప్రమాణం. కాబట్టి "జీపీఐబీ మంచిదా, స్కిపీ మంచిదా" అన్న ప్రశ్నకు అర్థమే లేదు. ఇంటర్వ్యూల్లో ఇలాంటి ప్రశ్నకు జవాబు వెతుకుతూ టెన్షన్ పడే పిల్లలు ముందుగా ఈ పొరల తేడా పట్టుకుంటే సగం పని అయినట్లే.

1975 నాటి తీగ ఇంకా ఎందుకుంది

హ్యూలెట్-ప్యాకార్డ్ కంపెనీ 1960ల చివర్లో తన పరికరాలను కంట్రోలర్‌కు కలపడానికి హెచ్‌పీ-ఐబీ అనే బస్‌ను తయారు చేసుకుంది. 1975లో అది ఐఈఈఈ 488 అనే ప్రమాణం అయింది. మిగతా కంపెనీలు దాన్నే జీపీఐబీ అన్నాయి. కనెక్టర్‌కు 24 పిన్నులు. వాటిలో ఎనిమిది డేటాకు, ఐదు అజమాయిషీకి, మూడు హ్యాండ్‌షేక్‌కు పోగా మిగిలినవి గ్రౌండు, షీల్డు.

దీని ఆయువంతా ఆ మూడు హ్యాండ్‌షేక్ తీగల్లో ఉంది. క్లాసులో నోట్స్ చెప్పే లెక్చరర్‌ను ఊహించుకోవచ్చు. అందరూ పెన్ను పట్టుకునేదాకా ఆగుతారు, ఒక వాక్యం చెబుతారు, వెనక బెంచీలో ఒక్కరు ఇంకా రాస్తున్నా తర్వాతి వాక్యానికి పోరు. జీపీఐబీలో "ఇంకా సిద్ధంగా లేను" అని చెప్పే తీగ పేరు ఎన్‌ఆర్‌ఎఫ్‌డీ. వినే పరికరాల్లో ఏ ఒక్కటి దాన్ని కిందికి లాగి పట్టుకున్నా ఆ తీగ పైకి లేవదు. అందరూ వదిలాకే లేస్తుంది. అప్పుడు మాట్లాడే పరికరం బైటును ఎనిమిది డేటా తీగల మీద పెట్టి, డీఏవీ అనే తీగతో "ఇదిగో, చదువుకోండి" అంటుంది. చదువుకున్న ప్రతి పరికరం ఎన్‌డీఏసీ అనే మూడో తీగను వదులుతుంది. అన్నిటికంటే నెమ్మదైనది వదిలాక మాత్రమే ఆ తీగ పైకి లేస్తుంది, ఆ తర్వాతే ఇంకో బైటు. ప్రతి బైటుకూ ఈ తతంగం మొత్తం జరగాల్సిందే.

ఈ పద్ధతి వల్ల 1980 నాటి నెమ్మది వోల్ట్‌మీటర్, నిన్న కొన్న జనరేటర్ ఒకే తీగ మీద గొడవ లేకుండా ఉంటాయి. ఎవరి వేగం ఎంతో ముందుగా సెట్ చేయనక్కర్లేదు. సీరియల్ పోర్టులో బాడ్ రేటు (అక్షరాలు పంపే వేగం) కలవక చెత్త అక్షరాలు చూసినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. దీనికి చెల్లించే మూల్యం కూడా అక్కడే ఉంది: అందరిలోకీ నెమ్మదైనదే అందరి వేగాన్ని నిర్ణయిస్తుంది. మొదటి ప్రమాణం ప్రకారం గరిష్ఠ వేగం సెకనుకు 1 మెగాబైటు. తర్వాత వచ్చిన హెచ్‌ఎస్488 పద్ధతిలో అది 8 మెగాబైట్ల దాకా పోయింది.

మిగతా హద్దులూ ఉన్నాయి. కంప్యూటర్‌తో కలిపి 15 పరికరాలు, మొత్తం తీగ 20 మీటర్లు, సగటున పరికరానికి 2 మీటర్లకు మించకూడదు. కలిపిన వాటిలో కనీసం మూడింట రెండు వంతులు ఆన్‌లో ఉండాలి. ఈ చివరి నిబంధన తెలియక, కరెంటు ఆదా అని సగం పరికరాలు ఆపేసి, మిగతావి ఎందుకు తడబడుతున్నాయో అర్థంకాక తల పట్టుకోవడం ల్యాబుల్లో మామూలే. కనెక్టర్లను ఒకదాని వీపు మీద ఇంకొకటి ఎక్కించి స్క్రూలు బిగించవచ్చు. ఇది సౌకర్యమే కానీ మూడు నాలుగు ఎక్కితే ఆ బరువంతా పరికరం వెనక ఉన్న సాకెట్ మోస్తుంది.

ఇంకో చిన్న సంగతి. కంప్యూటర్ ఆర్‌ఈఎన్ అనే తీగను పట్టుకుని పరికరానికి ఆదేశం పంపగానే దాని ముఖం మీద "రిమోట్" అని వెలుగుతుంది, మీటలు పనిచేయడం మానేస్తాయి. తర్వాతి బ్యాచ్ పిల్లలు వచ్చి నొక్కితే కదలదు. పరికరం పాడైందని చీటీ అంటించి పక్కన పెట్టే ముందు "లోకల్" అనే మీట ఒకసారి నొక్కి చూడాలి. చాలాసార్లు అంతకుమించి ఏమీ ఉండదు.

పెట్టెలు పోయి కార్డులు వచ్చాయి

ఒక బల్ల మీద నాలుగు పరికరాలుంటే జీపీఐబీ చాలు. విమానంలోని ఒక ఎలక్ట్రానిక్ పెట్టెను పరీక్షించాలంటే ముప్పై పరికరాలు కావాలి. ఒక్కోదానికి ఒక డిస్‌ప్లే, మీటలు, పవర్ సప్లై, ఫ్యాను. వాటి ముఖం చూసే మనిషే లేడు, చదివేది కంప్యూటరే. అలాంటప్పుడు ముఖం తీసేసి, లోపలి సర్క్యూట్‌ను కార్డుగా మార్చి, అన్ని కార్డులనూ ఒకే చాసిస్‌లో దూర్చితే స్థలం, బరువు, ఖర్చు తగ్గుతాయి. ఈ ఆలోచన అణు భౌతికశాస్త్ర ప్రయోగశాలల్లో ముందే ఉంది. యూరప్‌లో 1969లో వచ్చిన కామాక్ ప్రమాణం 25 స్థానాల పెట్టెలో కార్డులు పెట్టే పద్ధతే.

పరీక్షా పరికరాల రంగంలో ఆ మలుపు 1987లో వచ్చింది. హ్యూలెట్-ప్యాకార్డ్, టెక్ట్రానిక్స్, రాకల్ డానా, వేవ్‌టెక్, కొలరాడో డేటా సిస్టమ్స్ అనే ఐదు కంపెనీలు కలిసి వీఎక్స్‌ఐని ప్రకటించాయి. కంప్యూటర్లలో అప్పటికే ఉన్న వీఎంఈ బస్‌కు గడియారం, ట్రిగ్గర్ తీగలు ("ఇప్పుడు మొదలుపెట్టు" అని సైగ మోసేవి), చల్లదనానికీ విద్యుత్ రొదకూ సంబంధించిన నిబంధనలు జోడించి దాన్ని తయారు చేశారు. అమెరికా సైన్యానికి ఏ కంపెనీ కార్డు అయినా ఏ చాసిస్‌లోనైనా పట్టే పరికరాలు అవసరం కావడం దీని వెనకున్న పెద్ద ఒత్తిడి. 1992లో ఇది ఐఈఈఈ 1155 అయింది. ఒక చాసిస్‌లో గరిష్ఠంగా 13 స్లాట్లు, మొదటిది స్లాట్ సున్నా, మిగతా అన్నిటికీ గడియారం అందించేది అదే.

వీఎక్స్‌ఐ గట్టిది, ఖరీదైనది, పెద్దది. పదేళ్ల తర్వాత, 1997లో, నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ ఇంకో దారి పట్టింది. అప్పటికి ప్రపంచంలో ప్రతి డెస్క్‌టాప్‌లోనూ పీసీఐ బస్ ఉంది. ఆ చిప్పులు భారీ సంఖ్యలో తయారవుతున్నాయి కాబట్టి చౌక. దానికే గట్టి కనెక్టర్లు, గట్టి చాసిస్ ఇచ్చిన కాంపాక్ట్ పీసీఐ అనే పారిశ్రామిక రూపం ఉంది. దానికి గడియారం, ట్రిగ్గర్లు జోడించగా పీఎక్స్‌ఐ పుట్టింది. 1998లో దాన్ని అనేక కంపెనీల ఉమ్మడి సంఘం చేతికి ఇచ్చారు. చిన్న సైజు కార్డు 100 మిల్లీమీటర్ల ఎత్తు, 160 మిల్లీమీటర్ల లోతు, అంటే ఒక నోటుబుక్కు కంటే చిన్నది. వీఎక్స్‌ఐ ఎక్కువగా రక్షణ, విమాన రంగాల్లోని పాత వ్యవస్థలకు పరిమితమైపోవడానికి సాంకేతిక లోపం కంటే ఈ లెక్కే పెద్ద కారణం. పరికరాల రంగం చిన్నది, కంప్యూటర్ల రంగం మహా పెద్దది. పెద్ద రంగం తయారు చేసి పెట్టిన చిప్పుల మీద నిలబడ్డ ప్రమాణానికే ధర కలిసొస్తుంది.

అదే లెక్క పీఎక్స్‌ఐని కూడా మార్చింది. డెస్క్‌టాపుల్లో పీసీఐ పోయి పీసీఐ ఎక్స్‌ప్రెస్ రాగానే 2005లో పీఎక్స్‌ఐ ఎక్స్‌ప్రెస్ వచ్చింది. పాత పీసీఐలో సెకనుకు 132 మెగాబైట్లను కార్డులన్నీ పంచుకోవాలి. కొత్తదాంట్లో ప్రతి స్లాట్‌కూ తన సొంత దారి ఉంటుంది. పాత కార్డులనూ పట్టే హైబ్రిడ్ స్లాట్లు పెట్టడం వల్ల అప్పటికే కొన్నవాళ్లు నష్టపోలేదు. డెస్క్‌టాప్‌లో కార్డు పెట్టుకున్నవాళ్లకు దక్కని ఈ సౌకర్యం చాసిస్ ఉన్నవాళ్లకు దక్కింది. ఇంకా పెద్ద కార్డులు, ఎక్కువ కరెంటు కావాల్సిన చోట్ల కోసం 2009లో ఏఎక్స్‌ఐఈ అనేది వచ్చింది కానీ కాలేజీ ల్యాబుల్లో దాని అవసరం దాదాపు రాదు.

ఒకే చప్పట్లో కదలడం

పీఎక్స్‌ఐ చాసిస్‌ను మామూలు కంప్యూటర్ పెట్టెకు భిన్నంగా నిలబెట్టేది దాని వెనక పలకలోని గడియారం. బతుకమ్మ ఆటలో వలయంలో యాభై మంది ఉన్నా చప్పట్లు ఒకటే వినపడతాయి, ఎందుకంటే అందరూ ఒకే పాట లయను పట్టుకుంటారు. ఒక్కొక్కరూ పక్కవాళ్ల చప్పుడు విని కొడితే ఆలస్యం చేతి నుంచి చేతికి పెరుగుతూ పోయి వలయం చెదిరిపోతుంది.

పీఎక్స్‌ఐలో 10 మెగాహెర్ట్జ్ గడియారం ప్రతి స్లాట్‌కూ విడి తీగతో పోతుంది. ఒక స్లాట్‌కూ ఇంకో స్లాట్‌కూ తేడా ఒక నానోసెకను లోపే ఉండాలని నిబంధన. సర్క్యూట్ బోర్డు మీది రాగి గీతలో సంకేతం నానోసెకనులో దాదాపు 15 సెంటీమీటర్లు నడుస్తుంది. కాబట్టి దూరపు స్లాట్‌కూ దగ్గరి స్లాట్‌కూ గీత పొడవు సరిపోయేలా దగ్గరిదాన్ని వంకర్లు తిప్పి గీస్తారు. ఎనిమిది ఉమ్మడి ట్రిగ్గర్ తీగలతో పాటు, ఒక ప్రత్యేక స్లాట్ నుంచి మిగతా వాటికి సమాన పొడవు గీతలతో పోయే స్టార్ ట్రిగ్గర్ ఉంటుంది. పీఎక్స్‌ఐ ఎక్స్‌ప్రెస్‌లో 100 మెగాహెర్ట్జ్ గడియారం కూడా చేర్చారు.

ఇంత పట్టింపు ఎందుకన్నది ఎలక్ట్రికల్ ల్యాబ్ బల్ల మీదే తేలుతుంది. ఒక హీటర్ కాయిల్‌కు 50 హెర్ట్జ్ సప్లై ఇచ్చి, వోల్టేజి తరంగాన్ని ఒక పరికరంతో, కరెంటు తరంగాన్ని ఇంకో పరికరంతో పట్టి, రెండింటికీ ప్రోగ్రాము నుంచి ఒకదాని తర్వాత ఒకటి "మొదలుపెట్టు" అని పంపారనుకుందాం. రెండో ఆదేశం ఒక్క మిల్లీసెకను ఆలస్యమైంది. 50 హెర్ట్జ్‌లో ఒక ఆవృత్తి 20 మిల్లీసెకన్లు, అది 360 డిగ్రీలు. కాబట్టి ఒక మిల్లీసెకను అంటే 18 డిగ్రీలు. 18 డిగ్రీల కొసైన్ 0.951. హీటర్ కాయిల్ పవర్ ఫ్యాక్టర్ (వోల్టేజి, కరెంటు తరంగాల మధ్య కోణం కొసైన్) దాదాపు 1 అని పుస్తకం చెబుతుంది, ప్రోగ్రాము 0.95 చూపిస్తుంది. రెండు పరికరాలూ సరిగ్గానే కొలిచాయి, తీగ కూడా ఒక్క బైటు పోగొట్టలేదు. తప్పంతా మొదలుపెట్టిన క్షణంలో ఉంది. రెండింటికీ ఒకే ట్రిగ్గర్ తీగ కలిపితే ఆ తప్పు మాయమవుతుంది. అందుకు పీఎక్స్‌ఐ కొనాల్సిన పని కూడా లేదు, పరికరాల వెనక ఉండే "ఎక్స్‌టర్నల్ ట్రిగ్గర్" సాకెట్లను ఒక మామూలు బీఎన్‌సీ కేబుల్‌తో కలిపినా ఈ స్థాయి కొలతకు చాలు. మెగాహెర్ట్జ్‌లలో ఫేజ్ కొలవాల్సి వచ్చినప్పుడు ఆ నానోసెకను లెక్కలు మొదలవుతాయి.

లాన్ కేబుల్, యూఎస్‌బీ

2004లో ఏర్పడిన ఎల్‌ఎక్స్‌ఐ కన్సార్టియం 2005లో తన ప్రమాణాన్ని విడుదల చేసింది. ప్రతి కంప్యూటర్‌లో, ప్రతి భవనంలో ఇప్పటికే ఉన్న ఈథర్నెట్‌నే, అంటే లాన్‌నే, పరికరాలకూ వాడుకోవడం దీని ఉద్దేశం. ఒక్క కేబుల్ 100 మీటర్లు పోతుంది, మధ్యలో స్విచ్ పెడితే ఇంకా దూరం. ఎల్‌ఎక్స్‌ఐ పరికరానికి సొంత వెబ్ పేజీ ఉంటుంది, బ్రౌజర్‌లో దాని ఐపీ చిరునామా కొడితే మోడల్ వివరాలు కనపడతాయి. రామగుండం, చెల్పూరు లాంటి చోట్ల పెద్ద ప్లాంటులో ఒక మూల కొలిచి ఇంకో మూల చూడాలంటే 20 మీటర్ల జీపీఐబీ ఎందుకూ కొరగాదు, లాన్ సరిపోతుంది. అక్కడ ప్లాంటును నడిపే మాడ్‌బస్ లాంటి బస్‌లు మాత్రం వేరే కుటుంబం. అవి యంత్రాల అజమాయిషీకి పుట్టినవి, వాటిని ఈ చర్చలో కలపకూడదు.

దూరంగా ఉన్న పరికరాల గడియారాలను కలపడానికి ఎల్‌ఎక్స్‌ఐ ఐఈఈఈ 1588 అనే పద్ధతిని వాడుకోవచ్చు. పరికరాలు నెట్‌వర్క్ మీద సమయాన్ని ఇచ్చిపుచ్చుకుని, దారిలో పట్టిన ఆలస్యాన్ని లెక్కకట్టి తీసేస్తాయి. బాగా అమర్చిన నెట్‌వర్క్‌లో తేడా మైక్రోసెకను లోపే ఉంటుంది. 50 హెర్ట్జ్ దగ్గర మైక్రోసెకను అంటే 0.018 డిగ్రీలే. అయితే లాన్ కనెక్టర్ ఉన్న ప్రతి పరికరంలో ఈ సదుపాయం ఉండదు, కొనే ముందు అడిగి తెలుసుకోవాలి.

కాలేజీలో ఎల్‌ఎక్స్‌ఐతో వచ్చే చిక్కు వేరే ఉంది. పరికరాన్ని క్యాంపస్ నెట్‌వర్క్‌కు కలిపితే దాని ఐపీ చిరునామా మర్నాటికి మారిపోవచ్చు, ఫైర్‌వాల్ అడ్డుపడవచ్చు, హాస్టల్‌లో కూర్చున్న ఎవరైనా ఆ పవర్ సప్లైకి ఆదేశం పంపగలగవచ్చు. ల్యాబుకు విడిగా ఒక చిన్న స్విచ్ పెట్టి, చిరునామాలు మారకుండా కట్టేస్తే మూడూ ఒకేసారి తీరుతాయి.

యూఎస్‌బీ సంగతి తొందరగా ముగించవచ్చు. 2003లో వచ్చిన యూఎస్‌బీ-టీఎంసీ అనే పద్ధతి జీపీఐబీ మర్యాదలను యూఎస్‌బీ తీగ మీదికి తెచ్చింది. ఒక పరికరం, ఒక ల్యాప్‌టాప్ ఉన్న బల్లకు ఇంతకంటే సులువైనది లేదు. బలహీనతలు రెండు. స్క్రూలు లేని కనెక్టర్ మోచేయి తగిలితే ఊడుతుంది. రెండోది, తీగ ద్వారా కంప్యూటర్ గ్రౌండు పరికరం గ్రౌండుకు కలిసిపోవడం వల్ల మిల్లీవోల్టుల కొలతల్లో రొద చేరుతుంది. లాన్ కేబుల్‌లో ఈ రెండో బాధ తక్కువ, ఎందుకంటే సాకెట్ దగ్గర చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు సంకేతాన్ని విడదీసి అందిస్తాయి.

వేగం లెక్క

కొటేషన్లలో అందరి కళ్లూ పోయేది వేగం మీదికే. ఆ అంకెకు ఎప్పుడు విలువ ఉంటుందో రెండు ఉదాహరణలు చాలు.

ఆరున్నర అంకెల మల్టీమీటర్‌తో డీసీ వోల్టేజి కొలవాలి. సప్లై రొదను రద్దు చేయడానికి అది పది ఆవృత్తుల పాటు సగటు తీసుకుంటుంది. మన 50 హెర్ట్జ్‌లో అది 200 మిల్లీసెకన్లు. వచ్చే జవాబు దాదాపు 16 అక్షరాలు. సెకనుకు 1 మెగాబైటు పోయే జీపీఐబీకి ఆ 16 బైట్లు మోయడానికి పట్టేది 16 మైక్రోసెకన్లు. బస్‌ను వెయ్యి రెట్లు వేగంగా మార్చినా ఈ కొలత ఒక్క రవ్వ కూడా ముందుకు రాదు. పాత మల్టీమీటర్‌కు జీపీఐబీ సరిపోదు అనేవాళ్లు ఈ లెక్క వేసి ఉండరు.

రెండోది డిజిటైజర్, అంటే సంకేతాన్ని అంకెలుగా మార్చి పట్టే పరికరం. సెకనుకు 10 కోట్ల నమూనాలు, ఒక్కోటి 16 బిట్లు. సెకనుకు 200 మెగాబైట్లు పుడతాయి. ఒక్క సెకను సంకేతాన్ని జీపీఐబీ మీద తెచ్చుకోవాలంటే 200 సెకన్లు, అంటే మూడు నిమిషాల 20 సెకన్లు ఆగాలి. గిగాబిట్ ఈథర్నెట్ లెక్క ప్రకారం 125 మెగాబైట్లు మోస్తుంది, నిజంగా అందేది ఇంకా తక్కువ. పాత పీఎక్స్‌ఐ 132 దగ్గర ఆగిపోతుంది. నాలుగు లేన్ల పీఎక్స్‌ఐ ఎక్స్‌ప్రెస్ మొదటి తరంలోనే సెకనుకు 1,000 మెగాబైట్లు మోయగలదు కాబట్టి ఆపకుండా రికార్డు చేయాలంటే అదే దారి. అదే డిజిటైజర్ ఒక్క మిల్లీసెకను పాటు పట్టి ఆగితే 0.2 మెగాబైట్లే, జీపీఐబీ అయినా 0.2 సెకన్లలో తెస్తుంది. ఆపకుండా పట్టాలా, పట్టి ఆగాలా అన్నది తేల్చుకోకుండా బస్ ఎంచుకోవడం కుదరదు.

వేగానికి తోడు ఆలస్యం అనేది ఇంకొకటి ఉంది. చిన్న చిన్న ఆదేశాలు వేలల్లో పంపాల్సిన పరీక్షలో ఒక్కోదానికి ఎంత వేచి ఉండాలన్నదే మొత్తం సమయాన్ని నిర్ణయిస్తుంది. ఈథర్నెట్‌లో ప్రతి ఆదేశం నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ పొరలన్నీ దిగి ఎక్కాలి. జీపీఐబీ ఇక్కడ తన వయసుకు మించి బాగా నిలబడుతుంది. పీఎక్స్‌ఐలో కార్డు నేరుగా కంప్యూటర్ మెమరీ చిరునామాలా కనపడుతుంది కాబట్టి అన్నిటికంటే తక్కువ ఆలస్యం దానిదే.

మూడున్నర దశాబ్దాలుగా నిలిచిన భాష

1975 ప్రమాణం బైట్లు ఎలా పోవాలో చెప్పింది, వాటిలో ఏం రాయాలో చెప్పలేదు. ఒక హెచ్‌పీ మల్టీమీటర్‌కు "ఎఫ్1" అంటే డీసీ వోల్టులు, పక్క కంపెనీ పరికరానికి అది తెలియని మాట. పరికరం మార్చితే ప్రోగ్రాము మొత్తం తిరగరాయాలి. 1987లో వచ్చిన ఐఈఈఈ 488.2 కొన్ని ఉమ్మడి ఆదేశాలను నిర్ణయించింది. 1990లో స్కిపీ వచ్చి కొలత ఆదేశాలకే ఒక వ్యాకరణం ఇచ్చింది. మెజర్, వోల్టేజ్, డీసీ అనే మాటలను కోలన్లతో కలిపి చివర ప్రశ్న గుర్తు పెడితే చాలా మల్టీమీటర్లు డీసీ వోల్టేజి కొలిచి చెబుతాయి.

ఆ ప్రశ్న గుర్తుకు చాలా బరువుంది. అది ఉంటే పరికరం జవాబు సిద్ధం చేసి పెడుతుంది, మనం చదవాలి. చదవకుండా ఇంకో ఆదేశం పంపితే మైనస్ 410, ప్రశ్నే అడగకుండా జవాబు చదవబోతే మైనస్ 420 అనే ఎర్రర్ వస్తుంది. మాట తప్పు రాస్తే మైనస్ 113. ఈ మూడు అంకెలు గుర్తున్న విద్యార్థి ల్యాబులో సగం సేపు ఆదా చేసుకుంటాడు.

నాలుగో పొర అయిన విసా 1990ల్లో వచ్చింది. దీని గొప్పతనం ఒక్క వరుసలో కనిపిస్తుంది. ప్రోగ్రాములో పరికరం చిరునామా "జీపీఐబీ 0, 22" అని ఉందనుకుందాం. అదే మోడల్ లాన్ రకం కొంటే ఆ ఒక్క వరుసను "టీసీపీఐపీ" అనే మాటతో, ఐపీ చిరునామాతో మార్చాలి. కింద ఉన్న స్కిపీ ఆదేశాలు వందైనా, రెండు వందలైనా వాటిని ముట్టుకోనక్కర్లేదు. పైథాన్‌లో పైవిసా అనే ఉచిత లైబ్రరీ ఇదే పని చేస్తుంది, కాబట్టి ఖరీదైన సాఫ్ట్‌వేర్ లైసెన్సు లేని కాలేజీ కూడా ఈ పాఠం చెప్పగలదు.

ఇందులో ఒక పేరు చాలామందిని పక్కదారి పట్టిస్తుంది. లాన్ పరికరాలు వాడే పాత ప్రోటోకాల్ పేరు వీఎక్స్‌ఐ-11. దానికి వీఎక్స్‌ఐ చాసిస్‌తో పని లేదు. వీఎక్స్‌ఐ కంపెనీల సంఘం పత్రాల వరుసలో పదకొండోది కావడం వల్ల ఆ పేరు అంటుకుంది. 2010లో దాని స్థానంలో హైస్లిప్ అనే వేగవంతమైన ప్రోటోకాల్ తెచ్చారు.

కంపెనీలు మారుతున్నాయి, ప్రమాణాలు నిలుస్తున్నాయి

హ్యూలెట్-ప్యాకార్డ్ పరికరాల విభాగం 1999లో ఎజిలెంట్ అయింది, 2014లో కీసైట్ అయింది. నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్‌ను 2023లో ఎమర్సన్ కొనేసింది. ల్యాబులో మూడు పరికరాల మీద మూడు పేర్లున్నా అవి ఒకే వంశానివి కావచ్చు. పేరు మారిన ప్రతిసారీ పాత మోడళ్ల డ్రైవర్లు దొరకడం కష్టమవుతుంది. ప్రమాణాలు ఉమ్మడి సంఘాల చేతిలో ఉండటం వల్లే ఇన్ని చేతులు మారినా 1990ల మల్టీమీటర్ నేటికీ మాట వింటోంది. జీపీఐబీ డ్రైవర్లను లినక్స్ కెర్నల్‌లోకి మొదటిసారి తీసుకున్నది 2025 జనవరిలో విడుదలైన 6.13 వెర్షన్‌లో. యాభై ఏళ్ల తీగకు ఇప్పుడు ఆ చోటు దొరకడం చూస్తే అది ఇంకా ఎన్ని బల్లల మీద ఉందో ఊహించవచ్చు.

ఇక్కడి ల్యాబులకు దీని ప్రభావం

కంప్యూటర్ మార్చాల్సిన ల్యాబు ముందు మూడు దారులున్నాయి. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌కు సరిపోయే కొత్త జీపీఐబీ కార్డు ఒకటి, యూఎస్‌బీ నుంచి జీపీఐబీకి మార్చే అడాప్టర్ రెండోది, పరికరాలే మార్చడం మూడోది. పరికరాలు బాగా కొలుస్తుంటే ఒక్క అడాప్టర్‌తో బల్ల మొత్తం బతుకుతుంది కాబట్టి చాలాచోట్ల రెండోదే తెలివైన ఖర్చు. అడాప్టర్ చౌక కాదు, పేరున్న మోడళ్లకు నకళ్లు కూడా తిరుగుతున్నాయి. అందుకని బిల్లు, సీరియల్ నంబరు చూసి కొనాలి. కొత్తగా కొనే పరికరాలకు లాన్, యూఎస్‌బీ రెండూ ఉన్నాయో లేదో చూస్తే చాలు, ఇప్పుడు చాలా మోడళ్లలో అవి ఉంటున్నాయి. పీఎక్స్‌ఐ చాసిస్ మాత్రం ఒకే గడియారం మీద నడవాల్సిన పని నిజంగా ఉన్నప్పుడే కొనాలి. ర్యాంకింగుల కోసమో తనిఖీ కోసమో కొన్న చాసిస్‌లో రెండే కార్డులుండి మిగతా స్లాట్లకు రేకు మూతలు ఉంటే ఆ డబ్బుతో పది బల్లలకు మంచి మల్టీమీటర్లు వచ్చేవి.

పాత డెస్క్‌టాప్‌ను స్క్రాపుకు ఇచ్చే ముందు చేయాల్సిన పని ఒక పూటది. దాన్లోని ప్రోగ్రాములు కాపీ చేసుకోవాలి. ప్రతి పరికరం జీపీఐబీ చిరునామా ఒక కాగితం మీద రాసి, దాని వీపున అంటించాలి. రెండింటికి ఒకే చిరునామా ఉంటే అప్పుడే బయటపడుతుంది. తర్వాత కొత్త కంప్యూటర్‌లో విసా వేసి, ఒక్క పరికరాన్నే కలిపి, స్టార్ గుర్తు, ఐడీఎన్, ప్రశ్న గుర్తు అనే ఆదేశం పంపాలి. కామాలతో విడిపోయిన నాలుగు ముక్కల జవాబు రావాలి: కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబరు, లోపలి సాఫ్ట్‌వేర్ వెర్షన్. అది వచ్చాకే రెండో పరికరాన్ని కలపాలి.